గాంధారం వదిలేసిన కుర్రాళ్లు

ఇవాళ కబుర్లన్నీ ఒక గిటారు బృందం గురించే. పేరు చెబితే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: యూటూ. స్టేడియాలు నింపే యూటూ, 2019 డిసెంబరులో ముంబయి వచ్చి పాడిన యూటూ, ఆ ఏడాదే ఎ.ఆర్. రహమాన్‌తో కలిసి ‘అహింస’ అనే పాట చేసిన యూటూ. అయితే నేను చెప్పబోయేది ఆ పెద్ద పేరు గురించి కాదు. వాళ్లు స్కూలు పిల్లలుగా ఉన్నప్పటి సంగతి, ఆ తర్వాత నాలుగేళ్లకు వచ్చిన మొదటి ఆల్బమ్ ‘బాయ్’ సంగతి. వాళ్ల రికార్డులన్నిట్లోకీ నాకు అదంటేనే ప్రాణం. అంతకంటే గొప్పవి తర్వాత చేశారని చాలామంది అంటారు, అననివ్వండి. వాయించడం సరిగా రాని నలుగురు, ఆ రాకపోవడంలోంచే ఒక కొత్త నాదాన్ని ఎలా పుట్టించారో ‘బాయ్’లో వినిపించినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా వినిపించలేదు.

1976 సెప్టెంబరు. డబ్లిన్ నగరంలో మౌంట్ టెంపుల్ అనే స్కూలు. అప్పటి ఐర్లండులో పిల్లలు మతాన్నిబట్టి వేరువేరు బడుల్లో చదువుకునేవాళ్లు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ కూడా చాలాచోట్ల బడులు వేరే. మౌంట్ టెంపుల్ అలా కాదు, అందరూ కలిసి కూర్చునే బడి. ఆ బడి నోటీసు బోర్డు మీద లారీ ముల్లెన్ అనే కుర్రాడు ఓ కాగితం అంటించాడు. తాను డ్రమ్స్ వాయిస్తాననీ, బ్యాండు పెడదామనుకుంటున్నాననీ, కలిసి వచ్చేవాళ్లు కావాలనీ. అప్పటికి అతనికి 14 ఏళ్లు. ఆ కాగితం చూసి కొందరు పిల్లలు ఒక శనివారం ఆర్టేన్ పేటలో లారీ వాళ్లింటికి వెళ్లారు. వంటిల్లు చిన్నది. డ్రమ్స్ సగం చోటు తినేశాయి. మిగిలిన సగంలో మిగతావాళ్లు ఒకరి మోచేతులు ఒకరికి తగులుతుండగా నిలబడ్డారు.

ఎవరెవరు వచ్చారో చెబుతాను. ఆడమ్ క్లేటన్ అనే అబ్బాయి దగ్గర బేస్ గిటారు ఉంది, పైగా ఆంప్లిఫయరు కూడా ఉంది. ఆ రోజుల్లో ఆంప్లిఫయరు ఉన్నవాడంటే బ్యాండులో పెద్దమనిషి కిందే లెక్క. బేస్ వాయించడం మాత్రం అతనికి రాదు. కానీ మాట నేర్పు ఉంది, సంగీతకారుల పరిభాష తెలుసు, కొంతకాలం బృందానికి మేనేజరు పని కూడా అతనే చేశాడు. డేవ్ ఎవాన్స్, వాళ్ల అన్న డిక్ ఇద్దరూ వచ్చారు. ఇంట్లో సొంతంగా చేసుకున్న ఎలక్ట్రిక్ గిటారు వాళ్ల ఆస్తి. డేవ్ మితభాషి, శ్రద్ధగా వింటాడు. స్నేహితులు అతనికి ఎడ్జ్ అని పేరు పెట్టారు, లోకం ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తోంది. ఇక పాల్ హ్యూసన్. ఇతనికి స్నేహితులు పెట్టిన పేరు బోనో. గిటారు వాయిద్దామని వచ్చాడు. గిటారు అతని చేతిలో అంత బాగా పలకలేదు, అప్పటికి పాట కూడా గొప్పగా పాడేవాడు కాదు. కానీ గదిలోకి అడుగుపెట్టగానే అందరి చూపూ తన మీదికి తిప్పుకునే గుణం ఏదో ఉంది. అలా పాటవాడయ్యాడు.

మొదట పెట్టుకున్న పేరు ఫీడ్‌బ్యాక్. స్కూలు పోటీల్లో పీటర్ ఫ్రాంప్టన్ పాట ఒకటి, బే సిటీ రోలర్స్ పాట ఒకటి వాయించారు. ఆ పాటలు అప్పుడు రేడియోలో మోగుతున్నవి, ప్రతి బ్యాండూ వాయించేవి. వీళ్లూ ప్రయత్నించారు, అయితే ఇతరుల పాటల్ని ఉన్నదున్నట్టు వాయించేంత పనితనం వీళ్ల వేళ్లకు లేదు. ఈ సంగతి వాళ్లే ఎన్నోసార్లు చెప్పుకున్నారు: పరుల పాటలు వాయించలేకే సొంత పాటలు కట్టుకున్నాం అని.

ఇది వినయం కోసం అన్న మాట అనుకోకండి. ఒక్కసారి ఆలోచించి చూడండి. బాగా వాయించగల కుర్రాడు పదహారేళ్లకు ఏం చేస్తాడు? తనకు నచ్చిన పెద్ద గిటారిస్టు వాయించిన సోలోను గమకంతో సహా దింపేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో అతని సొంత పాట పదేళ్లు వెనక్కి పోతుంది, ఒక్కోసారి ఎప్పటికీ రాదు. ఈ నలుగురికీ ఆ ప్రమాదం లేకుండా పోయింది. తమకు వచ్చిన రెండు మూడు పట్లతో (కార్డ్స్‌తో) పాట కట్టాలి, ఆ పాటకు తగ్గట్టే ఇంకొక పట్టు నేర్చుకోవాలి. నేర్చుకోవడమూ పాట కట్టడమూ వాళ్లకు ఒకటే పనయ్యాయి.

కాలం కూడా కలిసొచ్చింది. 1976, 77 అంటే పంక్ సంగీతం విరుచుకుపడిన రోజులు. పనితనం తర్వాత, ముందు చెప్పవలసిన మాట ఉందా అని అడిగిన సంగీతం అది. 1977 అక్టోబరులో క్లాష్ అనే పంక్ బృందం డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో వాయించింది. ఆ కచేరీ ఊళ్లో ఎందరో కుర్రాళ్ల దారి మార్చింది, మనవాళ్లూ ఆ గుంపులో ఉన్నారు. మూడు తీగలు మీటడం వస్తే వేదిక ఎక్కవచ్చని తెలిసిన తర్వాత ఇంకెవరు ఆగుతారు?

ఈలోగా పేరు ‘ది హైప్’గా మారింది. 1978 మార్చిలో హౌత్ అనే చోట చేసిన కచేరీలో డిక్ వీడ్కోలు తీసుకుని వేదిక దిగిపోయాడు, మిగిలిన నలుగురూ యూటూ అయ్యారు. ఆ పేరు సూచించింది స్టీవ్ అవెరిల్ అనే సంగీతకారుడు. తర్వాత వాళ్ల ఆల్బమ్‌ల అట్టలు రూపొందించిందీ ఆయనే. అదే నెల 17న, సెయింట్ పాట్రిక్ పండుగ నాడు, లిమరిక్ పట్టణంలో జరిగిన పోటీలో వీళ్లు గెలిచారు. బహుమానం 500 పౌన్లు, ఒక స్టుడియోలో రికార్డింగు చేసుకునే అవకాశం. ఆ రికార్డింగు ఏమంత బాగా రాలేదు. స్టుడియో అంటే వాళ్లకు అప్పటిదాకా తెలియదు కదా.

ఆ ఏడాది మే నెలలో పాల్ మెక్‌గిన్నెస్ అనే ఆయన వాళ్ల కచేరీ చూశాడు. చూడమని పట్టుబట్టింది ‘హాట్ ప్రెస్’ అనే సంగీత పత్రిక రచయిత బిల్ గ్రాహమ్. మెక్‌గిన్నెస్ వాళ్లకు మేనేజరయ్యాడు, 2013 దాకా ఉన్నాడు. ఒక బృందం పక్కన ముప్ఫై అయిదేళ్లు ఒకే మనిషి నిలబడటం ఈ రంగంలో చాలా అరుదు. అలాగే నలుగురు సభ్యులూ ఏనాడూ మారకపోవడం కూడా.

1979 వేసవిలో జరిగినదొకటి నాకు చాలా ఇష్టం. మద్యం అమ్మే చోట్లే కచేరీలు జరిగేవి, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు అక్కడ ప్రవేశం లేదు. తమ పాట వినాలనుకునేవాళ్లేమో ఆ పిల్లలే. దాంతో వీళ్లు సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కు దగ్గర డాండిలయన్ మార్కెట్ అనే సంతలో, కార్లు నిలిపే చోట, మధ్యాహ్నం పూట వాయించడం మొదలుపెట్టారు. టికెట్టు ధర పిల్లల జేబుకు అందేది. బడి పిల్లలు బారులు తీరారు. వినేవాళ్లూ వాయించేవాళ్లూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు. ‘బాయ్’ పాటలు చాలావరకు ఎదుగుదల గురించి ఎందుకయ్యాయని ఎవరైనా అడిగితే నేను ఆ సంత వైపే చూపిస్తాను. ఎదురుగా ఎవరున్నారో వాళ్ల బాధే పాటైంది.

ఆ సెప్టెంబరులో మూడు పాటలతో చిన్న రికార్డు వచ్చింది. పేరు కూడా ‘త్రీ’. ఐర్లండులో మాత్రమే విడుదల. పన్నెండంగుళాల రికార్డులు వెయ్యే వేశారు. మూడింటిలో ఏది ముందుండాలో రేడియో శ్రోతలతో ఓటు వేయించి తేల్చింది డేవ్ ఫానింగ్ అనే రేడియో వ్యాఖ్యాత. వాళ్లు ఎంచుకున్న పాట ‘అవుటాఫ్ కంట్రోల్’. బోనో తన పద్దెనిమిదో పుట్టినరోజున రాసుకున్న పాట అది. పుట్టడం, చావడం, ఈ రెండూ మన చేతుల్లో లేవు కదా అన్న ఆలోచన. పద్దెనిమిదేళ్ల వాడికి చావు ధ్యాస ఎందుకంటారా? అక్కడికే వస్తున్నాను.

బోనోకు పద్నాలుగేళ్లప్పుడు, 1974 సెప్టెంబరులో, వాళ్ల అమ్మ ఐరిస్ చనిపోయింది. తన తండ్రి అంత్యక్రియల్లో నిలబడి ఉండగా కుప్పకూలిపోయింది, మరి కొన్ని రోజులకే ప్రాణం పోయింది. ఆ తర్వాత సీడర్‌వుడ్ రోడ్డులోని ఇంట్లో మిగిలింది ముగ్గురు మగవాళ్లు: తండ్రి, అన్న, ఇతను. ఆ ముగ్గురూ అమ్మ గురించి మాట్లాడుకోవడం మానేశారు. తండ్రి బాబ్ ఒపేరా సంగీతం ప్రాణంగా వినేవాడు, గొంతు కూడా మంచిది, కానీ కొడుకు ముందు దుఃఖం మాత్రం బయటపెట్టలేదు. మాట్లాడుకోలేని ఇంట్లో పెరిగిన పిల్లవాడు మైకు ముందు ఎలుగెత్తి అరిచాడు. 1978 నవంబరులో లారీ వాళ్లమ్మ కూడా రోడ్డు ప్రమాదంలో పోయింది. పదిహేడేళ్ల లారీకి ఆ సమయంలో బోనో దగ్గరయ్యాడు. తల్లి లేని ఇద్దరు పిల్లలు ఒకే బృందంలో. ‘బాయ్’ వింటున్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. తెలియకపోయినా ఆ పాటల్లో ఏదో ఖాళీ ఉన్నట్టు చెవికి అందుతుంది.

ఖాళీ అన్నాను గనక ఎడ్జ్ గిటారు గురించి మాట్లాడుకుందాం. దీనికి కొంచెం తీరిక కావాలి.

1978లో తల్లిదండ్రులతో న్యూయార్క్ వెళ్లినప్పుడు అతను ఒక గిబ్సన్ ఎక్స్‌ప్లోరర్ కొన్నాడు. కోణాలు కోణాలుగా ఉండే వింత ఆకారపు గిటారు. తర్వాత ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ తయారు చేసిన ‘మెమరీ మ్యాన్’ అనే ఎకో పెట్టె చేతికొచ్చింది. ఎకో పెట్టె కావాలని మొదట అన్నది బోనో. పాదం దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె. మీటిన స్వరాన్ని పట్టుకుని, సెకనులో ఒక ముక్కంత ఆగి, తిరిగి వినిపిస్తుంది. చాలామంది గిటారిస్టులు దాన్ని నాదానికి కాస్త నిండుదనం కోసం వాడేవాళ్లు. ఎడ్జ్ దానితో కలిసి వాయించాడు. తాను ఒక స్వరం మీటుతాడు, పెట్టె దాన్ని తిరిగి పలుకుతుంది, ఆ రెండింటి మధ్య దొరికిన సందులో ఇంకొక స్వరం పెడతాడు. వినేవాళ్లకు ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. డిక్ వెళ్లిపోయాక రెండో గిటారు లేని లోటు అలా తీరింది. పైగా ఎకో ఎవరి కోసమూ ఆగదు, వేగం మార్చుకోదు. దాంతో నడవాలంటే వేళ్లు లయకు కట్టుబడాలి, డ్రమ్స్ వాయించేవాడూ కట్టుబడాలి. తాళంలో తూలిపోయే కుర్రాళ్లకు అది గురువైంది.

ఇంకొక సంగతి ఉంది, మన సంగీతం తెలిసినవాళ్లు వెంటనే పట్టుకుంటారు. పాశ్చాత్య గిటారులో మామూలు పట్టు అంటే మన లెక్కలో షడ్జం, గాంధారం, పంచమం కలిసి మోగడం. అంతర గాంధారమైతే ఆ పట్టు వెలుగుగా వినిపిస్తుంది, సాధారణ గాంధారమైతే దిగులుగా. అంటే సంతోషమా విచారమా చెప్పేది ఆ ఒక్క స్వరమే. ఎడ్జ్ వీలైనంతవరకు గాంధారాన్ని వదిలేశాడు. షడ్జ పంచమాలు మీటుతూ, పక్కన ఒక తీగను ఖాళీగా మోగనిచ్చాడు. అలా విడిచిపెట్టిన తీగ శ్రుతిలా కింద పలుకుతూనే ఉంటుంది. ఇప్పుడా పాట సంతోషమో విచారమో గిటారు చెప్పదు. చెప్పకుండా నిలబెడుతుంది. నవ్వాలో ఏడవాలో తేలని వయసు గురించి పాడుతున్న గొంతు వెనక అంతకంటే సరైన వాద్యం ఇంకేముంటుంది? సగం గిటారిస్టులు గాంధారాన్ని వంచి సాగదీసి బ్లూస్ వాయిస్తున్న కాలంలో, ఒక కుర్రాడు దాన్ని పక్కన పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో చూడండి. టెలివిజన్ అనే న్యూయార్క్ బృందం గిటారు అతని మీద పనిచేసిన మాట నిజమే. కానీ ఈ వదిలేయడం అతని సొంతం.

1979 చివర్లో లండన్ వెళ్లారు. వినడానికి వచ్చినవాళ్లు కొద్దిమంది, పోస్టర్ల మీద బృందం పేరు కూడా తప్పు పడింది. అక్కడి రికార్డు కంపెనీలేవీ సంతకం పెట్టలేదు. తిరిగొచ్చి 1980 ఫిబ్రవరిలో డబ్లిన్ నేషనల్ స్టేడియంలో కచేరీ పెట్టారు. ఐలండ్ రికార్డ్స్ కంపెనీ మనిషి అక్కడ ఉన్నాడు, మార్చిలో ఒప్పందమైంది. అప్పటిదాకా ఐరిష్ బృందాలు పేరు రావాలంటే లండన్ తరలిపోయేవి. థిన్ లిజీ పోయింది, బూమ్‌టౌన్ ర్యాట్స్ పోయింది. వీళ్లు ఊరు వదలలేదు. రికార్డింగు కూడా ఊళ్లోనే, నది ఒడ్డు రేవు ప్రాంతంలోని విండ్‌మిల్ లేన్ స్టుడియోలో.

ఆ కంపెనీకి తొలి పాటను ప్రొడ్యూసరు మార్టిన్ హానెట్ చేతుల మీదుగా చేశారు. జాయ్ డివిజన్ బృందపు చీకటి నాదాన్ని తీర్చిదిద్దినవాడు ఆయన. ఆ పాట 1980 మే నెలలో వచ్చింది. అదే నెల 18న, జాయ్ డివిజన్ గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. హానెట్ తేరుకోలేకపోయాడు. ఆల్బమ్ స్టీవ్ లిల్లీవైట్ చేతికొచ్చింది. ఆయన వయసు అప్పుడు 25. సూక్సీ అండ్ ది బాన్షీస్, ఎక్స్‌టీసీ బృందాలతో, పీటర్ గాబ్రియేల్‌తో పనిచేసి వచ్చాడు. డ్రమ్స్ ఎలా వినిపించాలన్నదాని మీద అతనికి గట్టి పట్టింపు ఉంది.

ఆ పట్టింపు వల్ల ఏం జరిగిందో వినండి. స్టుడియో గదిలో డ్రమ్స్ అతనికి నచ్చలేదు, నాదం చచ్చినట్టుంది. బయట ముందు హాలు, దాన్ని ఆనుకుని రాతి మెట్లు ఉన్నాయి. చప్పట్లు కొడితే పైదాకా మోగుతుంది. డ్రమ్స్ అక్కడికి మార్పించాడు. చిక్కేమిటంటే అది రిసెప్షన్, పగలంతా ఫోన్లు మోగుతాయి. అందుకని రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి సాయంత్రం ఇంటికెళ్లేదాకా ఆగి, అప్పుడు లారీని మెట్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ దూరంగా, ఎత్తుగా, చల్లగా వినిపించడానికి కారణం ఆ మెట్లే. ‘ఐ విల్ ఫాలో’ పాట మధ్యలో ఏదో మెరిసినట్టు, చిట్లినట్టు చప్పుళ్లు వస్తాయి చూడండి. సీసాలు పగలగొట్టారు, సైకిలు చక్రం తిప్పి దాని ఊచలకు కత్తి తగిలించారు. కొన్ని పాటల్లో బడిపిల్లలు వాయించే గ్లాకెన్‌స్పీల్ కూడా వినిపిస్తుంది. లిల్లీవైట్ వాళ్ల పసితనాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. పెద్దవాళ్లలా కనిపించేట్టు చేయడం ఏ ప్రొడ్యూసరుకైనా తేలికే. ఇతను ఆ పని చేయకపోవడం వాళ్ల అదృష్టం.

పాటలు పదకొండు. ‘ఐ విల్ ఫాలో’ అమ్మ గురించి. పోయిన అమ్మ వెంట కొడుకు వస్తానంటాడు, అమ్మ ప్రేమ కూడా కొడుకును విడిచిపెట్టదు. ఎవరు ఎవరి వెంట వెళ్తున్నారో పూర్తిగా తేలదు, తేలకపోవడమే దాని బలం. ‘యాన్ కాట్ దూ’ అనే నల్లపిల్లి పాట చివర ఆగకుండానే ‘ఇంటూ ది హార్ట్’లోకి జారిపోతుంది. కోరిక తెలిసిన రాత్రి నుంచి నేరుగా బాల్యంలోకి వెనక్కి నడక. ఆ సంధి దగ్గర గిటారు ఎంత తక్కువ పలుకుతుందో, బేస్ ఎంత నిబ్బరంగా నడుస్తుందో వినండి. నాలుగేళ్ల కిందట ఆంప్లిఫయరు ఉన్నందుకు బృందంలో ఉన్న ఆడమేనా ఇతను అనిపిస్తుంది. ‘ది ఎలక్ట్రిక్ కో’ మానసిక వైద్యశాలల్లో ఇచ్చే కరెంటు షాకుల మీద కోపం. చివరి పాట ‘షాడోస్ అండ్ టాల్ ట్రీస్’ పేరు విలియం గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’లోని ఒక అధ్యాయానిది. ఆ నవల కూడా పెద్దవాళ్లు లేనిచోట మగపిల్లలు ఏమవుతారనే కథే కదా.

లోపాలు లేవని అనను. బోనో మాటలు చాలాచోట్ల అప్పటికప్పుడు మైకు దగ్గర పుట్టినవి. సగం వాక్యాలు, అర్థం తేలని అరుపులు. ఒకటి రెండు పాటలు కట్టడంలో పలచగా ఉన్నాయి. కానీ గుండెలో ఉన్నది మాటగా మారకముందే నోటినుంచి వచ్చేసినట్టుండే ఆ గొంతును సరిదిద్ది శుభ్రంగా పాడించి ఉంటే ఏం మిగిలేదో ఊహించండి. తర్వాతి కాలంలో అతను చాలా గొప్ప మాటలు రాశాడు. ఆ తొందర మాత్రం మళ్లీ రాలేదు.

1980 అక్టోబరు 20న ‘బాయ్’ విడుదలైంది. లారీకి పంతొమ్మిది నిండటానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. అట్ట మీద చొక్కా లేని చిన్న పిల్లవాడి ముఖం, బోనో స్నేహితుడి తమ్ముడు. అమెరికాలో ఆ బొమ్మను తప్పుగా అర్థం చేసుకుంటారేమోనని కంపెనీ భయపడి దాన్ని తీసేసి, నలుగురి ముఖాలనూ సాగదీసిన బొమ్మ వేసింది. అసలు అట్టే సరైనది. పాటల్లో ఉన్నదే అట్ట మీదా ఉంది. అమ్మకాలు మొదట్లో గొప్పగా లేవు. బ్రిటన్ జాబితాలో 52 దాకా, అమెరికాలో 63 దాకా వెళ్లింది. ఆ రికార్డు పట్టుకుని అమెరికాలో ఊరూరా తిరిగి చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించారు. ‘ఐ విల్ ఫాలో’ను రేడియోలో విన్న కాలేజీ పిల్లలు వస్తున్నకొద్దీ క్లబ్బులు నిండాయి.

లిల్లీవైట్‌కు ఒక నియమం ఉండేది, ఏ బృందంతోనైనా ఒక్క ఆల్బమే అని. వీళ్ల కోసం దాన్ని పక్కన పెట్టి ‘అక్టోబర్’, ‘వార్’ కూడా చేశాడు. మూడో ఆల్బమ్ ‘వార్’ అట్ట మీద కూడా ఆ పిల్లవాడే ఉన్నాడు, మూడేళ్లు పెద్దవాడై, చూపులో కోపంతో.

మీరు ‘బాయ్’ ఎప్పుడూ విని ఉండకపోతే నా మాట మీద ఒక పని చేయండి. మొదటి పాటతో కాకుండా మూడోదానితో, ఆ నల్లపిల్లి పాటతో మొదలుపెట్టండి. అది నాలుగోదాంట్లోకి జారేదాకా ఆపకండి. మొదటిసారి గొంతు వదిలేసి డ్రమ్స్ మాత్రం వినండి, మెట్లు వినిపిస్తాయి. రెండోసారి గిటారు. అతను మీటిందేదో, పెట్టె తిరిగి పలికిందేదో విడదీసి చూడండి. ఇంట్లో వీణో వయొలినో నేర్చుకుంటున్న పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని గాంధారం ఎక్కడుందో వెతకమనండి, వాళ్లకు సరదాగా ఉంటుంది. ఆ తర్వాత వెనక్కి వెళ్లి ‘ఐ విల్ ఫాలో’ పెట్టండి. ఈసారి గొంతు కూడా వినండి.